కేసుంటే ఎమ్మెల్యే కావచ్చు, అంగడి పెట్టకూడదా?

హత్యాయత్నం కేసు కోర్టులో నడుస్తున్నా చట్టసభకు పోటీ చేయవచ్చు. అఫిడవిట్‌లో కేసుల చిట్టా రాసిస్తే చాలు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితేనే అనర్హత. అదే కేసులో ఇరవయ్యో ముద్దాయిగా పేరెక్కిన జమ్మలమడుగు కుర్రవాడు మగ్గం సామానుకు 50 వేల ముద్ర రుణం అడిగితే మాత్రం, "నీమీద కేసుందంట కదా!" అని మెట్లమీంచే పంపేస్తారు.

2015లో వచ్చిన ముద్ర పథకం అర్హతకు చూసేది పాత బాకీ ఎగ్గొట్టాడా అన్నది. కానీ కేసు దొడ్డిదారిన వస్తుంది. ఫ్యాక్షన్ ఊర్లో కొట్లాట జరిగితే ఫిర్యాదులో ఊరి సగం పేర్లుంటాయి. పాత శిక్షాస్మృతిలో 149, 2024 జూలై నుంచి న్యాయసంహితలో 190 సెక్షను గుంపులో ఉన్న ప్రతివాడినీ ముద్దాయిని చేస్తుంది. పులివెందుల రైతు నాలుగు నెలలు రిమాండులో ఉంటే శనక్కాయ ఎవరు పీకుతారు? పంట రుణం గడువు దాటుతుంది, పేరు బకాయిదారుల్లో చేరుతుంది. ఏళ్ల తర్వాత సాక్షులు తిరగబడి కేసు కొట్టేస్తారు. కోర్టు వదిలినా క్రెడిట్ స్కోరు వదలదు. ఇక ప్రొద్దుటూరు వారవడ్డీయే దిక్కు. అది తీర్చలేక మళ్లీ పెద్దాయన జీపే ఎక్కుతాడు. ఉక్కు ఫ్యాక్టరీకి 2007, 2018, 2019, 2023లలో రాళ్లు వేశారు గదా, ఆ రాళ్లు చూస్తూ బతకమంటారా?

అమెరికాలో 2020 కోవిడ్ రుణాలకు ఐదేళ్లలోపు పెద్ద నేరాల్లో శిక్షపడ్డవారిని మొదట పక్కనపెట్టారు. జూన్‌లో, డబ్బు మోసాలు కాని నేరాలకు ఆ గడువును ఏడాదికి తగ్గించారు. అది శిక్షపడ్డవాడి సంగతి. మనవాడికి శిక్షే పడలేదు! బ్యాంకును ముంచినవాడికి అప్పివ్వమని మేమూ అడగం.

రుణం నిరాకరిస్తే కారణం రాసివ్వాలని రిజర్వు బ్యాంకు 2003లోనే రెండు లక్షల లోపు దరఖాస్తులకు చెప్పింది. 2007లో అన్ని రుణాలకూ వర్తింపజేసింది. కాబట్టి తమ్ముళ్లారా, నోటిమాట విని వెనక్కి రావద్దు. దరఖాస్తుకు రసీదు తీసుకోండి, కాదంటే కాగితం మీద రాసిమ్మనండి. "కేసుంది" అని సంతకం చేసిచ్చే మేనేజరు మాకింతవరకు తగల్లేదు. ఆ కాగితాలను కలెక్టరు జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ముందేసుకుని చూడాలి. రిమాండు కాలంలో పడ్డ బాకీని ఎగవేతగా రాయకుండా గడువు పొడిగించేలా అక్కడే తేల్చాలి.