తెరమీది ముఖం

కళకు రాజకీయం అంటరాదనే పెద్దలు కొందరున్నారు. గుంటూరు శారదానికేతన స్థాపకులు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు 1922లో వెలువరించిన ‘మాలపల్లి’ ఆ వాదానికి సమాధానం. దళితుడైన రామదాసు కుటుంబమే ఆ నవలకు కేంద్రం. ఆంగ్ల ప్రభుత్వం దానిని నిషేధించింది. ఎవరి కథ చెప్పాలన్నది రాజకీయమేనని పాలకులు ఆనాడే గ్రహించారు.

చలనచిత్రం కథతోపాటు ముఖాన్నీ ఎంచుకోవలసి ఉంటుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారు చలం కథతో ‘మాలపిల్ల’ తీసి, బ్రాహ్మణ యువకునికీ మాల కన్యకూ ప్రేమ కూర్చి సాహసించారు. నాయికగా మాత్రం అందాల తారగా పేరొందిన కాంచనమాల నిలిచారు. 2021 నాటి ‘పుష్ప’లో పల్లెపడుచు పాత్రకై రష్మిక మందన్న మేనిఛాయను నల్లబరిచారు. నల్లని పాత్ర కావాలి గాని, నల్లని నటి అక్కరలేదన్నమాట!

గుంటూరు, ప్రకాశం సీమల పత్తిచేలలో, మిరపకల్లాలలో ఎండకు కమిలిన ముఖాలెన్నో. వారి కథను స్వీకరించి వారి ముఖాన్ని నిరాకరించడమూ రాజకీయమే.