గుండె దడదడలాడితే దయ్యం ఉన్నట్టేనా?

దయ్యాలు లేవని మీకు తెలుసు. పాఠాల్లో చదువుకున్నారు, పరీక్షల్లో రాశారు కూడా. అయినా రాత్రివేళ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంప్యూటర్‌లో భయానకమైన వీడియో గేమ్ ఆడుతున్నవాడి చెయ్యి ఒకసారి పట్టి చూడండి. నాడి వడివడిగా కొట్టుకుంటూ ఉంటుంది. అరచెయ్యి చెమర్చి ఉంటుంది. తెరమీద ఉన్నవి రంగుల చుక్కలేనని అతనికి తెలియక కాదు. మరి తెలిసి తెలిసి ఎందుకు భయపడుతున్నాడు?

ఇది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు ఆట సంగతి చూద్దాం. ఈ రకం ఆటలను ‘సర్వైవల్ హారర్’ అంటారు. 1996లో జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ ‘రెసిడెంట్ ఈవిల్’ అనే ఆటను విడుదల చేసినప్పటినుంచి ఈ పేరు బాగా వాడుకలోకి వచ్చింది. ఆ ఆటలో మనం నడిపే మనిషి మనకు దూరంగా, బొమ్మలాగా కనిపిస్తాడు. 2017లో వచ్చిన ఏడవ భాగంలో ఆ దూరం లేకుండా చేశారు. ఆ మనిషి కళ్ళు ఉండవలసిన చోట కెమెరా పెట్టారు. ఇక ఆటగాడికి కనిపించేవి ఎదుటనున్న గది, తన చేతులు, అంతే. వెనక ఏముందో తెలియాలంటే తనే తిరిగి చూడాలి.

2010లో స్వీడన్ దేశపు సంస్థ ఒకటి తయారుచేసిన ‘అమ్నీషియా’ అనే ఆటలోనైతే చేతిలో ఆయుధమే ఉండదు. పారిపోవాలి, లేదా నక్కి కూర్చోవాలి. దీపంలో నూనె కొంచెమే. చీకట్లో దాక్కుంటే భూతం కంట పడకపోవచ్చు. కాని చీకట్లో ఎక్కువసేపు ఉంటే మన పాత్రకు మతి చలిస్తుంది!

2014లో వచ్చిన ‘ఏలియన్: ఐసొలేషన్’ ఇంకా తమాషాగా ఉంటుంది. అందులో ఒక గ్రహాంతర జీవి ఆటగాణ్ణి వేటాడుతుంది. అది పగబట్టి తననే వెతుకుతున్నదని ఆటగాడు వణికిపోతాడు. నిజానికి దాన్ని నడిపే ప్రోగ్రాంలో రెండు భాగాలున్నాయి. ఆటగాడు ఎక్కడున్నాడో ఎప్పుడూ తెలిసి ఉండేది అజమాయిషీ చేసే భాగం. జీవిని కదిలించే భాగానికి అది తెలియదు. చూపు, వినికిడి ఆధారంగా అది వెతుక్కోవలసిందే. అజమాయిషీ భాగం ‘ఆ దిక్కున వెతుకు’ అని అప్పుడప్పుడు సూచన ఇస్తుంది. జీవి మరీ ఎక్కువసేపు ఆటగాడి దగ్గరే తచ్చాడితే దూరంగా పంపేస్తుంది. పగ లేదు, మాయ లేదు. ఉన్నవల్లా లెక్కలే.

ఇక మన శరీరం సంగతి. మన మెదడులో బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ప్రమాదాన్ని పసిగట్టడంలో దీనికి ముఖ్యమైన పాత్ర ఉంది. ఇది హెచ్చరించగానే మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది. ఇదంతా పరుగెత్తడానికో, పోరాడడానికో శరీరం సిద్ధపడడమన్నమాట. ‘ఇది నిజమా?’ అని మనం తీరికగా ఆలోచించే లోపలే ఈ పని జరిగిపోతుంది.

ఎందుకీ తొందర? తాడును చూసి పామనుకుంటే ఒక గంతు వేస్తాం, అంతకన్న నష్టం లేదు. పామును చూసి తాడనుకుంటే ప్రాణమే పోవచ్చు. అందుచేత వెయ్యిసార్లు పొరపాటుగానైనా సరే గంట కొట్టే మెదడు మనకు పరిణామక్రమంలో సంక్రమించింది. గంట మోగిందంటే ‘చూసుకో’ అని మాత్రమే అర్థం. అక్కడ పాము ఉందనడానికి అది సాక్ష్యం కాదు.

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అనకాపల్లి పిల్లలు దూరం పోనక్కరలేదు. ఊరి పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. కొండను తొలిచిన గుహలు, బుద్ధుడి విగ్రహాలు, రాతి స్తూపాలు అక్కడ ఉన్నాయి. బుద్ధుని కొండ అనే పేరే బొజ్జన్నకొండ అయిందంటారు. కాలక్రమాన ఆ సంగతి జనం మరిచారు. బొజ్జలాగా ఉన్న ఒక కట్టడాన్ని రాక్షసుడని నమ్మి, కనుమనాడు రాళ్ళు రువ్వే ఆచారం ఏర్పడింది. దాన్ని మాన్పించడానికి వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థవారు ఎంతో పాటుపడవలసి వచ్చింది. అహింసను బోధించినవాని కొండ మీద రాక్షసుడు ఎలా పుట్టాడు? తెలియనితనం, ఎవరో చెప్పిన కథ కలిసి పుట్టించాయి. ఆటలు తయారుచేసేవారు వాడే సరుకు కూడా ఇదే.

రాళ్ళ దెబ్బ రాతికి తగిలితే కొంత నయం. విశాఖ మన్యంలో ‘చిల్లంగి’ పెట్టారన్న అనుమానంతో సాటి మనుషులను కొట్టడం, చంపడం కూడా జరిగింది. ఒకరికి జబ్బు చేస్తుంది. ఇంటిల్లిపాదికీ భయం పుడుతుంది. ఆ భయాన్నే సాక్ష్యంగా తీసుకుని ఒక నిరపరాధి మీద పడతారు.

భయానక ఆటలను నిషేధించాలని కొందరు పెద్దలంటారు. నేను వారితో పూర్తిగా ఏకీభవించను. ఆట ‘నేను ఆటను’ అని అట్ట మీదనే చెబుతుంది. భూతవైద్యుడు ఆ మాట చెప్పడు. అలాగని పిల్లలు ఏ ఆటైనా ఆడవచ్చనీ అనను. నేను చెప్పిన ‘రెసిడెంట్ ఈవిల్’ ఏడవ భాగం 18 ఏళ్ళు నిండినవారికేనని యూరప్‌లో నిర్ణయించారు. ఆ హద్దు పాటించండి. రాత్రి పొద్దుపోయి గుండెను పరుగెత్తించి, వెంటనే నిద్ర రమ్మంటే అదెలా వస్తుంది?

దానికి బదులు ఒక పరీక్ష చేయండి. మీ ఇంట్లోవాళ్ళు చూడనిచ్చే దయ్యం సినిమాలో ఒక ఘట్టం ఎంచుకోండి. చూడకముందు ఒకసారి, చూసిన వెంటనే ఒకసారి 30 సెకన్లపాటు నాడి లెక్కపెట్టి, రెండుతో హెచ్చించి రాసుకోండి. మర్నాడు మీ స్నేహితుడికి అదే ఘట్టం శబ్దం పూర్తిగా తీసేసి చూపించి, అతని నాడి కూడా అలాగే లెక్కించండి. మరికొందరితో ఇలాగే చేసి అంకెలు పోల్చండి. దయ్యంలో ఎంత భాగం స్పీకరులో ఉన్నదో మీకే తెలుస్తుంది.

భయపడడం తప్పు కాదు. భయపడని మెదడుతో మన పూర్వులు బతికి ఉండేవారు కాదు. కాని గుండె దడదడలాడిన ప్రతిసారీ దీపం వెలిగించి చూడాలి. మీ ఊళ్ళో ఎవరైనా ‘ఫలానా ఆమె చిల్లంగి పెట్టింది’ అంటే, ‘మీరు చూశారా, లేక భయపడ్డారా?’ అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.