64 బైట్ల డబ్బాలో తెలుగు పట్టదు: నోటిఫికేషన్ సగంలో తెగితే తప్పెవరిది?

పోయిన నెల ఒక సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, అక్క మెసేజ్ పెట్టింది. ఆ తెల్ల మాత్ర వేసుకోమంటోందా, వద్దంటోందా?" అని అడిగింది.

అక్క మెసేజ్‌లో ఏ గందరగోళమూ లేదు. డాక్టర్‌తో మాట్లాడాక తను పంపింది ఇదీ: "ఆ తెల్ల మాత్ర ఇక వేసుకోవద్దు". కానీ అమ్మ చేతికున్న స్మార్ట్‌బ్యాండ్‌లో కనిపించింది ఇంతే: "ఆ తెల్ల మాత్ర ఇక వేసుకో". దాని పక్కన ఒక చిన్న ఖాళీ డబ్బా గుర్తు. ఆ గుర్తు చూసి అమ్మకు అనుమానం వచ్చింది. వాట్సాప్ తెరిచి వెతకడం కంటే నాకు ఫోన్ చేయడమే ఆమెకు సులువు, అందుకే చేసింది. చేయకపోయి ఉంటే ఆ రాత్రి మాత్ర వేసుకునేదే.

ఆ బ్యాండ్ కొనిచ్చింది నేనే. అంతకంటే సిగ్గుపడాల్సిన విషయం ఇంకొకటుంది. దాని రివ్యూలో "నోటిఫికేషన్లు బాగానే వస్తున్నాయి" అని రాసింది కూడా నేనే. టెస్ట్ చేసింది ఇంగ్లీష్ మెసేజ్‌లతో మాత్రమే మరి.

కంపెనీ పేరు చెప్పను. నా దగ్గరున్న ఇంకో రెండు చవక బ్యాండ్లలోనూ ఇలాంటి తెగుడే చూశాను. ఇక్కడ నా గొడవ ఒక బ్రాండ్‌తో కాదు, లోపల రాసే కోడ్‌లో ఉన్న ఒక పాత అలవాటుతో.

లెక్కపెట్టి చూస్తే తేలింది

మర్నాడు ఆ బ్యాండ్‌కి ఇంగ్లీష్‌లో పొడవైన మెసేజ్‌లు పంపాను. ప్రతిసారీ సరిగ్గా 63 అక్షరాల తర్వాత తెగింది. రివ్యూలు మొదలుపెట్టకముందు నేను నాలుగేళ్లు ఫర్మ్‌వేర్ రాశాను కాబట్టి 63 కనబడగానే విషయం అర్థమైపోయింది. లోపల ఎక్కడో 64 బైట్ల డబ్బా ఒకటుంది. అందులో చివరి బైట్ "ఇక్కడితో అయిపోయింది" అని చెప్పే సున్నాకి పోతుంది. మిగిలేది 63.

ఇంగ్లీష్‌లో అక్షరానికి ఒక బైట్. యూటీఎఫ్-8లో తెలుగుకి అలా కుదరదు. ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ విడివిడిగా 3 బైట్లు పడతాయి. "తెలుగు" అనే మాట కంటికి మూడక్షరాలే. లోపల త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు కోడ్‌లు, అంటే 18 బైట్లు.

ఇప్పుడు అక్క మెసేజ్ చూడండి. "వేసుకో" దాకా 61 బైట్లు. మొత్తం వాక్యం 76. డబ్బాలో మిగిలిన 2 బైట్లలో తర్వాతి "వ"ని మూడింట రెండొంతులు కుక్కారు. ఆ ముక్కని ఏ అక్షరంగా చూపించాలో తెలియక స్క్రీన్ ఖాళీ డబ్బా గీసింది.

మన భాషలో ఇంకో చిక్కుంది. ఇంగ్లీష్‌లో "వద్దు" అనేది వాక్యం ముందే వచ్చేస్తుంది. తెలుగులో క్రియ చివరకొస్తుంది, "వద్దు", "లేదు", "కాదు" ఆ క్రియకీ చివరే వస్తాయి. తోక కత్తిరిస్తే మనకు పోయేది అర్థమే, ఒక్కోసారి తలకిందులవుతుంది కూడా.

అసలు డబ్బా ఎందుకు పెడతారు?

బ్యాండ్లు, వాచీలు, ఇయర్‌బడ్స్ లాంటి వాటి లోపలి కోడ్ చాలావరకు సి భాషలోనే ఉంటుంది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన భాష అది. అందులో స్ట్రింగ్ అనే ప్రత్యేకమైన రకం లేదు. వరసగా బైట్లు, చివర ఒక సున్నా. అంతే. ఎంత చోటుందో స్ట్రింగ్‌కే తెలియదు. రాసేవాడే గుర్తుపెట్టుకోవాలి.

కొలవకుండా రాస్తే పక్కవాడి మెమరీలోకి పొంగిపోతుంది. 1988లో మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఒకటి ఇదే. దానికి తలుపు తీసిన "గెట్స్" అనే ఫంక్షన్‌ని చివరికి 2011 నాటి సి11 స్టాండర్డ్‌లో పీకేశారు. ఆ భయంతో జాగ్రత్తపడే ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? 64 అని ఒక అంకె వేసి, మించితే కత్తిరించేస్తాడు. నేనూ ఆ లైన్ బోలెడుసార్లు రాశాను. క్రాష్ అవ్వదు, రివ్యూలో ఎవరూ పట్టుకోరు. పని అయిపోయిందనుకుంటాం.

పెరిగే స్ట్రింగ్ అంటే ఇదీ

దీనికి మందు కొత్తదేం కాదు. డబ్బా బదులు మూడు విషయాలు ఒకచోట పెట్టుకోవాలి: టెక్స్ట్ ఎక్కడుందో చెప్పే పాయింటర్, ఇప్పుడున్న పొడవు, మొత్తం పట్టే కెపాసిటీ. కొత్త ముక్క చేర్చేముందు చోటు సరిపోతుందా అని చూస్తాం. చాలకపోతే "రీఅలాక్"ని పిలిచి ఇంకా పెద్ద చోటు అడుగుతాం.

దీన్ని అద్దె ఇంటితో పోల్చుకోండి. పక్క గది ఖాళీగా ఉంటే ఓనర్ అదే ఇస్తాడు. లేకపోతే సామానంతా సర్దుకుని వేరే ఇంటికి మారాలి. మారడమే ఖర్చు. అందుకే ఒక్కో మనిషి పెరిగినప్పుడల్లా ఇల్లు మారం, మారేటప్పుడే కాస్త పెద్దది చూసుకుంటాం.

లెక్కలో చూస్తే తేడా కళ్లు తిరిగేలా ఉంటుంది. 1000 బైట్లని ఒక్కొక్కటిగా చేరుస్తూ, ప్రతిసారీ ఒక్క బైటే పెంచుకుంటే, ప్రతిసారీ ఇల్లు మారాల్సి వచ్చిందనుకోండి. మొత్తం 4,99,500 బైట్ల కాపీ. అదే 16తో మొదలుపెట్టి చాలనప్పుడల్లా రెట్టింపు చేస్తే 16, 32, 64, 128, 256, 512 కలిపి 1008 మాత్రమే. వాచీ బ్యాటరీకి ఈ తేడా బాగానే తెలుస్తుంది.

ఎంత పెంచాలనేదానిలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. రెడిస్ డేటాబేస్ కోసం సిలో రాసిన ఎస్‌డీఎస్ అనే స్ట్రింగ్ లైబ్రరీ 1 ఎంబీ దాకా రెట్టింపు చేస్తుంది, ఆ పైన 1 ఎంబీ చొప్పున మాత్రమే అదనంగా తీసుకుంటుంది. కొందరు ఒకటిన్నర రెట్లు చాలంటారు. వాళ్ల వాదనలో పస ఉంది. రెట్టింపు పద్ధతిలో వదిలేసిన పాత ఇళ్లన్నీ కలిపినా కొత్త ఇంటికి చాలవు. 16, 32, 64 కలిపితే 112, కావాల్సింది 128. ఒకటిన్నర రెట్లయితే కొన్నాళ్లకి ఆ పాత చోటు మళ్లీ పనికొస్తుంది.

ఎక్కడ పప్పులో కాలేస్తామంటే

వినడానికి ఇరవై లైన్ల పని. రాస్తుంటే తెలుస్తుంది. నేను స్వయంగా చేసిన తప్పులే చెబుతాను.

మొదటిది, రీఅలాక్ చోటు దొరకలేదని చెప్పినా దాని జవాబుని నేరుగా పాత పాయింటర్‌లోనే వేసేయడం. పాత ఇంటి తాళం పారేసుకున్నట్టే. టెక్స్ట్ లోపలే ఉంటుంది, మనం మాత్రం చేరలేం.

రెండోది, ఇల్లు మారాక కూడా పాత అడ్రస్ వాడటం. స్ట్రింగ్ మధ్యలో ఒక చోటుకి పాయింటర్ దాచుకుని, ఈలోగా స్ట్రింగ్ పెరిగితే, ఆ పాయింటర్ ఇప్పుడు ఎవరింటి తలుపో కొడుతుంది. స్ట్రింగ్‌ని దానికదే చేర్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఈ ఒక్క బగ్ వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడోది, కూడిక. పాత పొడవు, కొత్త ముక్క పొడవు కలిపితే అంకె పొంగిపోవచ్చు. 32 బిట్లలో 4,294,967,290కి 10 కలిపితే వచ్చేది 4. నాలుగు బైట్లు అడిగి తీసుకుని అందులో సముద్రం పోస్తాం.

ఈ మూడోది మనలాంటి వాళ్లే చేస్తారనుకోకండి. 2015లో ఆండ్రాయిడ్ 2.2 నుంచి 5.1.1 దాకా ఫోన్లని వణికించిన స్టేజ్‌ఫ్రైట్ గుర్తుందా? అందులో బయటపడ్డ లోపాల్లో ఒకటి అచ్చం ఇదే. వీడియో ఫైల్‌లోని సబ్‌టైటిల్ సమాచారాన్ని ఇంతకుముందున్నదానికి చేరుస్తూ పాత సైజు, కొత్త సైజు కూడారు. పొంగుతుందేమో చూడలేదు. పైగా మొదట ఇచ్చిన ప్యాచ్ కూడా పూర్తిగా సరిపోలేదు, మళ్లీ దిద్దాల్సొచ్చింది. ఆ ఆగస్టులోనే గూగుల్ నెక్సస్ ఫోన్లకి నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది.

2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" ఐఫోన్లని క్రాష్ చేసిన కథ కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. మధ్యలో కంటికి కనిపించని ఒక కోడ్ ఉన్న ఆ అక్షరం వస్తే యాప్ మూసుకుపోయేది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు, మెమరీ పాడవడమే కారణమని ఆపిల్ రాసింది. అది స్ట్రింగ్ పెంచడంలో తప్పని నేననను. కానీ తెలుగుతో తగినంత టెస్ట్ చేయకపోతే ఎంత పెద్ద కంపెనీకైనా ఏమవుతుందో అది చూపించింది.

ఫర్మ్‌వేర్ రాసేవాళ్ల మాటా వినాలి

పాత స్నేహితుడొకడికి ఇదంతా చెబితే నవ్వాడు. "నీకు ఫోన్‌లో 12 జీబీ ఉంది కాబట్టి మాట్లాడుతున్నావు" అన్నాడు. నిజమే. చిన్న బ్యాండ్లలో వాడే నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52832 లాంటి చిప్‌లో ర్యామ్ మహా అయితే 64 కేబీ. అందులోనే బ్లూటూత్, స్క్రీన్, సెన్సర్లు అన్నీ బతకాలి. నెలల తరబడి ఆఫ్ చేయకుండా నడిచే పరికరంలో మెమరీ తీసుకుంటూ ఇస్తూ ఉంటే ముక్కలుముక్కలైపోతుంది. మొత్తంగా చోటున్నా ఒక్క పెద్ద ముక్క దొరకదు. అందుకే చాలా టీములు అలాంటివాటిలో మాలాక్, రీఅలాక్ వాడొద్దనే నియమం పెట్టుకుంటాయి.

ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. తప్పుపట్టేది 64 అనే అంకెని, దాన్ని ఇంగ్లీష్ కళ్లతో ఎంచుకోవడాన్ని. పెరిగే స్ట్రింగ్‌కి పైకప్పు పెట్టొచ్చు. ఉదాహరణకి 64తో మొదలై 512 దాటకూడదు అని. అదీ కుదరకపోతే 512 బైట్ల స్థిరమైన బఫర్ ఒక్కటే పెట్టి అన్ని నోటిఫికేషన్లకీ దాన్నే తిప్పి వాడొచ్చు. 64 కేబీలో అర కేబీ పెద్ద లెక్కేం కాదు.

ఇక్కడ కొందరు ఇంకో సలహా ఇస్తారు: కత్తిరించేటప్పుడు అక్షరం మధ్యలో కాకుండా అంచున కత్తిరించు, డబ్బా గుర్తు రాదు అని. యూటీఎఫ్-8లో అది తేలికే. తెలుగు కోడ్ మొదటి బైట్ ఎప్పుడూ 224, తర్వాతి రెండూ 128 నుంచి 191 లోపు. వెనక్కి నడిచి 224 దగ్గర ఆగితే చాలు.

అలా చేసుంటే ఏమయ్యేదో ఊహించండి. అమ్మకు "ఆ తెల్ల మాత్ర ఇక వేసుకో" అని శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా కనిపించేది. అనుమానమే వచ్చేది కాదు. ఆ వికారమైన డబ్బా గుర్తే ఆ రోజు మమ్మల్ని కాపాడింది. కాబట్టి నీట్‌గా కత్తిరించడం పరిష్కారం కాదు. కత్తిరించామని చెప్పడం ముఖ్యం. చివర మూడు చుక్కలకి మూడు బైట్లు చాలు.

తెలియక చెప్పలేదనడానికీ వీల్లేదు. ఐఫోన్‌తో జతకట్టే పరికరాల కోసం ఆపిల్ ఇచ్చిన ఏఎన్‌సీఎస్ పద్ధతిలో మెసేజ్ గరిష్ఠంగా ఎన్ని బైట్లు కావాలో బ్యాండే అడుగుతుంది. అసలు మెసేజ్ సైజు ఎంతో విడిగా అడిగే వీలూ ఉంది. తెగిందని బ్యాండ్‌కి తెలుసుకునే దారి ఉంది, వాడుకోవాలంతే.

నా ఫైనల్ మాట

సి నేర్చుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ: పెరిగే స్ట్రింగ్‌ని ఒక్కసారైనా సొంతంగా రాయండి. పైన చెప్పిన మూడు తప్పులూ చేయండి, బగ్ వెతకండి. మెమరీ గురించి ఏ వీడియో నేర్పనంత అది నేర్పుతుంది. కానీ జనం చేతికి వెళ్లే ప్రొడక్ట్‌లో మాత్రం మీది పెట్టకండి. ఎస్‌డీఎస్ లాంటి నలిగిన లైబ్రరీ వాడండి, వీలైతే రస్ట్ వైపు చూడండి. అక్కడ స్ట్రింగ్ అంటే అదే పాయింటర్, పొడవు, కెపాసిటీయే. కాకపోతే పాత అడ్రస్‌కి వెళ్లే కోడ్‌ని సేఫ్ రస్ట్‌లో కంపైలరే ఆపేస్తుంది.

కొనేవాళ్లకి: బాక్స్ విప్పిన రోజే ఇంకో ఫోన్ నుంచి మీకు మీరే ఒక తెలుగు మెసేజ్ పంపుకోండి. నాలుగు లైన్లుండాలి, చివరి మాట "వద్దు" అయ్యుండాలి. ఆ "వద్దు" కనిపించాలి, లేదా మెసేజ్ తెగిందని చెప్పే చుక్కలు కనిపించాలి. రెండూ లేకపోతే రిటర్న్ గడువు దాటకముందే తిరిగిచ్చేయండి.

నా వంతు: ఆ పాత రివ్యూని సరిదిద్దాను, నోటిఫికేషన్ల మార్కులు తగ్గించాను. ఇకపై నా ప్రతి బ్యాండ్, వాచీ రివ్యూలో అక్క పంపిన ఆ 76 బైట్ల వాక్యం ఒక టెస్ట్. అమ్మ బ్యాండ్‌లో ప్రస్తుతానికి మెసేజ్‌ల నోటిఫికేషన్ ఆపేశాను. టైమ్, అడుగుల లెక్క మాత్రం చూసుకుంటోంది.