రైతు పోయిన ఇంట్లో కాగితాలు

హైదరాబాద్ మెట్రోలో అమీర్‌పేట, పంజాగుట్ట పక్కపక్క స్టేషన్లు. ఊళ్లలో ఈ రెండు పేర్లు వినని రైతు ఇల్లు తక్కువ. పత్తి అమ్మిన డబ్బుతో కొడుకునో కూతురునో కోచింగ్‌కు పంపేది అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లకు. జిల్లా ఆసుపత్రిలో చేతులెత్తేశాక మనిషిని అంబులెన్సులో తీసుకుపోయేది పంజాగుట్ట నిమ్స్‌కు. పంజాగుట్టలో తండ్రి ప్రాణం పోతే, అమీర్‌పేటలో బిడ్డ చదువు ఆ నెలలోనే ఆగిపోవచ్చు.

బిడ్డ పుడితే రైతు ఇంటి లెక్క మారుతుంది. తిండికి, పెట్టుబడికి సరిపోయిన ఎకరాలే ఇక ఫీజులకూ పెండ్లికీ సరిపోవాలి. ఇంటిపెద్ద పోతే ఆ లెక్కంతా తలకిందులవుతుంది. దినాలు కాకముందే అప్పులవాళ్లు వాకిట్లో నిలబడతారు. ఆ దుఃఖాన్ని ఏ ప్రభుత్వమూ తీర్చలేదు. కానీ ఆ ఇల్లు నిలబడుతుందా, భూమి అమ్ముకుంటుందా అన్నది చాలావరకు కాగితాలు తేలుస్తాయి.

మొదటిది పుట్టిన తేదీ. 2018 ఆగస్టు 15న తెలంగాణలో రైతుబీమా మొదలైంది. పట్టాదారు పాసుబుక్ ఉండి 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు రావాలి. మంచి పథకమే. అయితే వయసు చూసేది ఆధార్ కార్డులో. మన తండ్రుల తరంలో పుట్టుక నమోదు ఎక్కడిది? పెద్ద వరదొచ్చిన ఏడు, ఫలానా కరువు ఏడు అని చెప్పుకున్నవాళ్లే ఎక్కువ. ఆధార్ తీసేటప్పుడు ఎవరో అందాజుగా వేసిన సంవత్సరం, పక్కన జనవరి 1. ఆ అందాజు రెండేళ్లు ఎక్కువైతే, యాభై ఎనిమిదేళ్లకు పోయిన రైతు కాగితం మీద అరవై దాటినవాడవుతాడు. ఎన్నడో నమోదుకాని పుట్టుకకు ఇవాళ శిక్ష పడేది భార్యాపిల్లలకు.

రెండోది మరణ ధ్రువపత్రం. 1969 నాటి చట్టం ప్రకారం పుట్టుకైనా చావైనా 21 రోజుల్లో నమోదు కావాలి, అదీ జరిగినచోటనే. నిమ్స్‌లో పోయిన రైతు మరణం నమోదయ్యేది నగరంలో, ఊరి పంచాయతీలో కాదు. హడావుడిలో ఆసుపత్రి చీటీలో పిలుపు పేరు రాయిస్తే, అదే పేరు ధ్రువపత్రంలోకి ఎక్కుతుంది. పాసుబుక్‌లో మరో పేరు. ఇక ఆ రెండు పేర్లు ఒకే మనిషివని నిరూపించుకుంటూ ఆ ఇల్లాలు నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మూడోది విరాసత్. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన రైతు సొంత భూమిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికివున్న తల్లికి సమాన వాటా. తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ బతికి పుడితే ఆ బిడ్డకూ వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే తెచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా చాలా ఊళ్లలో కూతురి చేత సంతకం పెట్టించుకోవడం ఆనవాయితీగానే సాగుతోంది. విత్తనం పెట్టి, కలుపు తీసి, పశువులను చూసుకున్న ఇల్లాలు రికార్డులో 'రైతు భార్య'గానే మిగిలిపోతోంది. చట్టం గుర్తించినదాన్ని మన ఇళ్లే గుర్తించకపోతే తప్పు ప్రభుత్వానిది మాత్రమే కాదు.

ఇక కౌలు రైతు ఇంటికి ఈ కాగితాలు కూడా లేవు. భూమి అతని పేరున లేదు కాబట్టి రైతుబీమా లేదు. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కింద ఇవ్వాల్సిన గుర్తింపు కార్డులు తెలంగాణలో అటకెక్కాయి. అప్పు మాత్రం అతని పేరుమీదే ఉంటుంది. అతను పోతే అది వితంతువు మీద పడుతుంది.

అందుకే మన డిమాండ్లు స్పష్టం. పాత తరం రైతుల వయసును ఆధార్ ఒక్కదానితోనే తేల్చకుండా బడి రికార్డు, ఓటరు జాబితా వంటి ఆధారాలనూ చూడాలి. అరవై దాటినా నాగలి వదలని రైతుకు బీమా కొనసాగించాలి. కౌలు రైతులకు గుర్తింపు కార్డులిచ్చి బీమాలో చేర్చాలి. మరణం నమోదైన వెంటనే రెవెన్యూ, వ్యవసాయ శాఖలే ఆ ఇంటికి వెళ్లి విరాసత్, బీమా పనులు మొదలుపెట్టాలి.

ప్రభుత్వం కదిలేదాకా మన గ్రామ కమిటీలు చేతులు ముడుచుకుని ఉండొద్దు. ఈ నెలలోనే ప్రతి సభ్యుడి ఆధార్, పాసుబుక్ పక్కపక్కన పెట్టి పేరు, తేదీ సరిచూడండి. బీమా నామినీగా ఎవరి పేరుందో ఏఈవో దగ్గర కనుక్కోండి. ఆ నామినీ ఏనాడో పోయిన తల్లి అయితే వెంటనే మార్పించండి. ఎవరినైనా ఆసుపత్రికి తీసుకుపోతే పాసుబుక్‌లో ఉన్న పేరే రాయించండి. ఊళ్లో రైతు పోతే 21 రోజుల్లోపు కమిటీ నుంచి ఇద్దరు ఆ ఇంటికి పోవాలి. అందులో ఒకరు మహిళ అయి ఉండాలి. పరామర్శతోపాటు కాగితాలు చూసి, అమీర్‌పేటలో చదువుకుంటున్న బిడ్డ ఉంటే ఆ ఫీజు సంగతి కూడా అడిగి రావాలి.