ఉరి అడిగాం, నిజం అడగలేదు

ఉరిశిక్ష ఉండాలా, రద్దు కావాలా అన్న చర్చ మన కృష్ణా డెల్టాలో ఏనాడూ నిలకడగా జరగలేదు. ఏదైనా ఘోరం జరిగితే పది రోజులు ఉరి ఉరి అన్నాం. బెంజి సర్కిల్లో కొవ్వొత్తులు వెలిగించాం, అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో ప్లకార్డులు పట్టుకున్నాం. పదకొండో రోజుకి ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. మనం అని ఎవరినీ మినహాయించకుండా అంటున్నాను: రాసేవాళ్లు, చదివేవాళ్లు, వకీళ్లు, ఉద్యమకారులు, ఓటేసేవాళ్లు. సభలకూ పత్రికలకూ పెట్టింది పేరైన బెజవాడ, ఒక మనిషి ప్రాణం తీసే అధికారం సర్కారుకు ఉండొచ్చా అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఆలోచించడం మానేసింది. ఆ తప్పు మనందరిదీ.

మచిలీపట్నం అమ్మాయి సంగతే చూడండి. పేరు అందరికీ తెలిసిందే, నేను రాయను. ముంబైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. క్రిస్మస్‌కి ఇంటికి వచ్చి, 2014 జనవరి 4న విజయవాడలో రైలెక్కింది. మర్నాడు తెల్లవారుజామున ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగింది. 16వ తేదీన కంజూర్‌మార్గ్ ప్రాంతంలో హైవే పక్కన శవమై కనిపించింది. బందరు నుంచి బెజవాడ దాకా అందరి కడుపూ రగిలిపోయింది. మార్చిలో ఒకణ్ని పట్టుకున్నారు. 2015 అక్టోబర్ 30న ముంబైలోని ప్రత్యేక మహిళా కోర్టు ఉరిశిక్ష వేసింది. 2018 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. న్యాయం జరిగిందని నిట్టూర్చాం.

2025 జనవరి 28న సుప్రీంకోర్టు ఆ మనిషిని నిర్దోషిగా విడుదల చేసింది.

ఎందుకు చేసిందో చదివినవాళ్లు మనలో ఎంతమంది? ఈ కేసులో అందరినీ నమ్మించింది స్టేషన్ కెమెరా దృశ్యాలు. ఒక మగమనిషి నడుస్తున్నాడు, వెనక ఆ అమ్మాయి. టీవీలో అవి చూసి ఇళ్లలో కూర్చునే తీర్పు చెప్పేశాం. కానీ అలాంటి దృశ్యాలను కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే అప్పటి సాక్ష్య చట్టం 65బి కింద ఒక ధ్రువపత్రం జతచేయాల్సి ఉండేది. ఈ కాపీ ఫలానా యంత్రం నుంచి తీశాం, అప్పుడది సరిగ్గా పనిచేస్తోంది అని బాధ్యత గల అధికారి సంతకం పెట్టి ఇచ్చే కాగితం. అది లేకపోతే ఆ సాక్ష్యం చెల్లదని సుప్రీంకోర్టు అన్వర్ కేసులో 2014 సెప్టెంబర్‌లోనే తేల్చింది. ముంబై కోర్టు ఉరి వేసింది ఆ తర్వాత ఏడాదికి. ఆ ఏడాదిలో ఆ కాగితం ఎవరూ తేలేదు. కోర్టు బయట చేశాడని చెప్పిన నేరాంగీకారాన్నీ, ఆలస్యంగా ముందుకొచ్చిన సాక్షులు గుర్తుపట్టామన్న మాటనూ సుప్రీంకోర్టు నమ్మలేదు. ప్రాసిక్యూషన్ కథలో అడుగడుగునా ఖాళీలే కనిపించాయి.

పదకొండేళ్లు. ఒక మనిషి అందులో తొమ్మిదేళ్లకు పైగా ఉరితాడు తలచుకుంటూ బతికాడు. ఒక కుటుంబం న్యాయం దొరికిందన్న భ్రమలో బతికింది. ఉరి కావాలని గొంతు చించుకున్న మనం, దర్యాప్తు సరిగ్గా జరుగుతోందా, ఆ కాగితం తెచ్చారా అని ఒక్కసారైనా అడిగి ఉంటే? అలా అడగడానికి చట్టం చదివి ఉండనక్కర్లేదు. ఉరి పడితే చాలనుకున్నాం కాబట్టి పోలీసులూ ఉరి పడేంత వరకే పనిచేశారు. మన కోపమే వాళ్లకు అండ అయింది. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

ఇది దూరాన ముంబైలో జరిగిందని తప్పించుకుందామా? 2007 డిసెంబర్ 27న మన ఊరి పక్కనే, ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. పెద్దవాళ్ల పేర్లు వినపడ్డాయి, ఊరంతా గుసగుసలాడింది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ వైపు పల్లె నుంచి ఒక పేద దళిత కుర్రాణ్ని తెచ్చి ఇతనే అన్నారు. ఇతను కాదు, ఇతను కాదు అని మొత్తుకుంది ఎవరు? చచ్చిపోయిన అమ్మాయి తల్లి. కన్నకూతురు పోయిన మనిషి, నా బిడ్డ పేరు చెప్పి ఇంకొకరి బిడ్డను బలిపెట్టకండి అని వేడుకుంటుంటే మనం ఎంతమందిమి ఆమె పక్కన నిలబడ్డాం? పౌరహక్కుల వాళ్లూ మహిళా సంఘాల వాళ్లూ కొందరు నిలబడ్డారు. మిగతావాళ్లం, కేసు ఛేదించారట అని వార్త చదివి పేజీ తిప్పాం. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతన్ని దోషి అంది. అరెస్టయ్యాక కాళ్లు పడిపోయి, నడవలేని స్థితిలో కోర్టుల చుట్టూ, జైళ్ల చుట్టూ తిరిగాడు. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్లు దాటిన జైలుకి లక్ష. అతనికి పడింది జైలు కాబట్టి బతికి బయటికొచ్చాడు. మనం కోరుకున్నట్టు ఉరి వేసి ఉంటే ఆ తీర్పు ఎవరి చేతికి ఇచ్చేవాళ్లం? 2019 డిసెంబర్‌లో, పన్నెండేళ్ల తర్వాత, తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ పరీక్షలు చేశారు. ఆ తల్లిదండ్రులకు అది కూడా తప్పలేదు.

తప్పు మనిషికి శిక్ష పడిన కేసులే చెబితే వాదన నాకు సులువవుతుంది. కాబట్టి చిలకలూరిపేట బస్సు సంగతీ చెప్పాలి. 1993 మార్చి 8న ఇద్దరు యువకులు దోపిడీకని ఆర్టీసీ బస్సెక్కారు, పెట్రోలు పోశారు. మంటల్లో 23 మంది చనిపోయారు. ఆ ఇద్దరూ నేరం చేయలేదని ఎవరూ అనలేదు. కాలిపోయిన వాళ్ల ఇళ్లలో ఆనాడు పుట్టిన కోపం న్యాయమైనది. 1995లో గుంటూరు కోర్టు ఉరి వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమాభిక్షను రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ తిరస్కరించారు. 1997 మార్చి 29 ముహూర్తమైంది. ముందురోజు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మరుసటి ఏడాది కొత్త రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ లాంటి కొద్దిమంది ఉరి వద్దని ఊరూరా తిరిగి చెప్పారు. బెంగాల్ నుంచి రచయిత్రి మహాశ్వేతాదేవి గొంతు కలిపారు. డెల్టాలో మనం చాలామందిమి మౌనంగా ఉన్నాం, కొందరం ఆ చెప్పేవాళ్లనే తిట్టాం.

అదే గుంటూరు జిల్లాలో, బస్సుకు ఏడాదిన్నర ముందు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. ఆ హంతకులకు ఉరి కావాలని మన బజార్లలో ఎవరు అరిచారు? బస్సు కేసులో రెండున్నరేళ్లకే ఉరి తీర్పు వచ్చింది. చుండూరు కేసులో మొదటి తీర్పుకే పదహారేళ్లు, 2007 జులై దాకా పట్టింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాటిని కూడా కొట్టేసి అందరినీ వదిలేసింది. చుండూరు వాళ్లను ఉరితీయాల్సిందని నేను అనడం లేదు. ఉరితాడు దగ్గరికి మనం ఎవరిని నడిపించామో, ఎవరి విషయంలో ఓపిక పట్టామో చూడమంటున్నాను. బస్సు కేసులో దొరికిన ఇద్దరూ దళితులే, పేదలే. పొలాలున్నవాళ్ల మీద మన ఆగ్రహం అంత తొందరగా లేవలేదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో దేశమంతా ఉరిశిక్ష పడ్డ ఖైదీలను కలిసి చేసిన అధ్యయనంలో నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా బలహీనులని తేలింది. ఆ లెక్క మనకు కొత్తగా తోచకూడదు. కులం గురించి ఇంత మాట్లాడే ప్రాంతం, ఉరికంబం దగ్గర కులాన్ని చూడలేకపోయింది.

2019 డిసెంబర్ 6. దిశ అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని చటాన్‌పల్లిలో పోలీసులు కాల్చేస్తే పూలు చల్లాం, బాణసంచా కాల్చాం. విచారణే లేదు, ఇక ఉరి మాటెందుకు! అంతకు ముందే షాద్‌నగర్ న్యాయవాదులు నిందితుల తరఫున వాదించబోమన్నారు. మన దగ్గర ఎవరూ తప్పు పట్టలేదు. వారం తిరిగేసరికి, 13న, వెలగపూడి శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. దర్యాప్తూ విచారణా కలిపి 21 రోజుల్లో ముగించాలి, అత్యాచారానికి మరణశిక్ష. బల్లలు చరిచారు, మనమూ చప్పట్లు కొట్టాం. ఫోరెన్సిక్ ల్యాబులు ఎన్ని ఉన్నాయి, 21 రోజుల్లో నివేదికలు ఎక్కణ్నుంచి వస్తాయి అని అడిగిన గొంతులు చప్పట్లలో కలిసిపోయాయి. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రానేలేదు. చటాన్‌పల్లిలో పోలీసులు చంపాలనే కాల్చారనీ, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లనీ సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. పూలు చల్లిన చేతులు అప్పుడేమైనా రాశాయా?

2015 ఆగస్టు చివర జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలోని లా కమిషన్ తన 262వ నివేదికలో, ఉగ్రవాదం, దేశంపై యుద్ధం చేయడం అనే నేరాలు మినహా అన్నిటికీ మరణశిక్ష తీసేయమని సిఫారసు చేసింది. యావజ్జీవం కంటే ఉరి నేరాలను ఎక్కువగా ఆపుతుందనడానికి ఆధారం లేదంది. రెండు నెలలకే ముంబైలో మన బందరు అమ్మాయి కేసులో ఉరి పడింది. ఆ తీర్పును ఆ నివేదిక పక్కన పెట్టి చర్చించడానికి మనకు అంతకన్నా మంచి సందర్భం ఏముంటుంది? ఒక్క సభ పెట్టుకోవాల్సింది. తల్లిదండ్రులను, వకీళ్లను, పోలీసులను కూర్చోబెట్టి మాట్లాడుకోవాల్సింది. రద్దు కోరే మాటలు ఆడపిల్లల వైపు లేవేమోనన్న భయం కూడా మనల్ని ఆపింది, అది నిజం. ఆ భయంతో నోరు మూసుకుని మనం ఆ ఆడపిల్లలకే అన్యాయం చేశాం.

2014లో నిండిన రోడ్లు 2025 జనవరిలో నిండలేదు. బందరు అమ్మాయిని చంపిందెవరు, దర్యాప్తు మళ్లీ మొదలుపెట్టండి అని ఒక్క ప్లకార్డు రాసుకోలేదు. ఇబ్రహీంపట్నం కేసులో గానీ, ముంబై కేసులో గానీ ఈ రోజు దోషిగా నిలిచి ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రెండిళ్లకూ మనం ఇంకా బాకీ ఉన్నాం.