విమానం దిగాక అందే ఉపకార వేతనం
మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు కోసం తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం హర్షణీయమైనది. వార్షికాదాయం 5 లక్షల లోపు గల కుటుంబానికి 20 లక్షల రూపాయల సాయం చిన్నదేమీ కాదు. అయితే తొలి విడత 10 లక్షలు విదేశంలో దిగినట్లు ఇమ్మిగ్రేషన్ పత్రం చూపాకే, మలి విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు సమర్పించాకే అందాలన్నది నిబంధన.

మరి అంతవరకూ ఫీజు, గది అడ్వాన్సు, చలిబట్టలు, తిండి ఖర్చు ఎక్కడివి? నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి మెట్ట ప్రాంతాల్లో చిరువ్యాపారం చేసుకునే తండ్రికి మిగిలేది వడ్డీ అప్పే. వడ్డీని హరామ్‌గా భావించే ఇంటికి అది అంతరాత్మపై కూడా భారం. పిల్లవాడు సంపాదించి తీరుస్తాడనుకుందామా? అమెరికాలో విద్యార్థి వీసాపై తొలి విద్యా సంవత్సరం క్యాంపస్ బయట పనిచేయరాదు. లోపలైనా సెమిస్టర్ రోజుల్లో వారానికి 20 గంటలే. అప్పు తీర్చే ఆత్రంలో ఆ గీత దాటితే వీసాకే ముప్పు.

కనుక ఎంపికైన వెంటనే తొలి విడతలో కొంత భాగాన్ని నేరుగా విశ్వవిద్యాలయానికే ఫీజుగా చెల్లించాలి. దుర్వినియోగమవుతుందన్న భయానికీ అదే జవాబు. ఇంట్లో ఉన్న కాస్త సొమ్ము తొలి రోజుల బతుకుకు మిగులుతుంది. అప్పటివరకు మన మసీదు కమిటీలు వడ్డీలేని ఖర్జె హసనా నిధితో ఈ పిల్లలకు అండగా నిలవాలి.