విహారనౌకపై పబ్బు ఉండవలెనా?

ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అవుతాయని మన పెద్దలు అన్నారు. ఓడలు ఊళ్ళు కాగలవని మాత్రం వారు ఊహించి ఉండరు. 2024వ సంవత్సరంలో ప్రయాణం ఆరంభించిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే విహారనౌకలో ఇరవై అంతస్తులు ఉన్నాయి. గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు, వారికి సేవ చేయడానికి 2,350 మంది సిబ్బంది అందులో ప్రయాణించగలరు. నాటకశాలలు, ఈతకొలనులు, భోజనశాలలు, అంగళ్ళు, వైద్యశాల, ఇట్లా ఒక పట్టణానికి ఉండవలసిన హంగులన్నీ నీటిపై తేలుతున్నాయి. ఊరు అన్న తరువాత రచ్చబండ ఉండవలె గదా! సముద్రంపై తేలే ఈ ఊరికి రచ్చబండ ఏది? పాశ్చాత్య నౌకాసంస్థలు ఈ ప్రశ్నకు చెప్పుకున్న సమాధానాలలో ఒకటి పబ్బు. ఆ సమాధానం సరియైనదా, కాదా అన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

గత సంవత్సరం మన కళాశాల చర్చాగోష్ఠిలో ఇదే అంశం వచ్చినప్పుడు వెనుక వరుసలలో నవ్వులు వినిపించాయి. "ఓడ ముఖం ఎరుగని మనకు ఓడలోని పబ్బు గొడవ ఎందుకండీ?" అని ఒక విద్యార్థి నిర్మొహమాటంగా అడిగాడు. ప్రశ్న సమంజసమైనదే. కాని 2022లోనే విశాఖపట్నం రేవు నుండి చెన్నైకి విహారనౌక నడిచినది. 2023లో అదే రేవులో విహారనౌకల కోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభమైనది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. హోటల్ నిర్వహణ చదువుకున్న మన యువకులు ఇట్టి నౌకలలో కొలువులకు వెళుతున్నారు. కావున ఇది దూరపు కొండల ముచ్చట కాదు, మన గడప దాకా వచ్చిన విషయం.

ముందుగా పబ్బు అన్న మాటకు అర్థం తెలుసుకోవలె. పబ్బు అనగానే మన కన్నుల ఎదుట నిలిచేది మహానగరాలలోని చీకటి గది, చెవులు చిల్లులు పడే సంగీతం. ఆంగ్లేయుల పాత పబ్బు అట్టిది కాదు. 'పబ్లిక్ హౌస్' అన్న మాటల పొట్టిరూపం అది, అనగా నలుగురి ఇల్లు. పని ముగించుకున్న కార్మికుడు, పొరుగు పంతులు, వీధి చివరి దుకాణదారు ఒకే కప్పు కింద కూర్చుని మాట్లాడుకునే చోటు. అమెరికా సమాజశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రచురించిన గ్రంథంలో ఇట్టి తావులను 'మూడవ చోటు' అన్నాడు. మొదటిది ఇల్లు, రెండవది పనిచేసే స్థలం, మూడవది ఆ రెండింటి భారమూ లేకుండా మనిషి మనిషిగా కూర్చోగల స్థలం.

నౌకపై అట్టి తావు అవసరమా అంటే అవసరమే అని నా అభిప్రాయం. 2004లో తొలి ప్రయాణం చేసిన కునార్డ్ సంస్థవారి 'క్వీన్ మేరీ 2'లో 'గోల్డెన్ లయన్' అనే పబ్బు ఉన్నది. అక్కడ మధ్యాహ్నం వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు వడ్డిస్తారు. ప్రశ్నల పోటీలు నడుస్తాయి. ఆ నౌకలో కొన్ని రాత్రులు ఉత్సవ రాత్రులు. ఆ పూట ప్రధాన భోజనశాలకు పురుషులు నల్లకోటులోను, స్త్రీలు విందు దుస్తులలోను రావలె. అట్టి అలంకరణ ఇష్టం లేనివారికి విడిచిపెట్టిన కొద్ది తావులలో ఈ పబ్బు ఒకటి. ఇది చిన్న విషయమని అనుకోరాదు. 1912లో మునిగిపోయిన టైటానిక్ నౌకలో మొదటి తరగతివారి విశ్రాంతిశాలలో మూడవ తరగతివాడు అడుగు పెట్టే వీలు లేదు. టిక్కెట్టు వెలను బట్టి మనిషి నడిచే మెట్లు సైతం వేరుగా ఉన్న కాలమది. కోటు లేనివాడికీ ఇక్కడ కుర్చీ ఉన్నది అని చెప్పే గది ఒకటి నౌకపై ఏర్పడటం మెచ్చదగిన మార్పే.

అయితే ఆ కుర్చీకి వెల ఎంత? నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది ఈ ప్రశ్నే.

నా పూర్వవిద్యార్థి ఒకడు విదేశీ విహారనౌకలోని పబ్బులో కొన్నేండ్లుగా పనిచేస్తున్నాడు. సెలవులో ఊరికి వచ్చినప్పుడు నన్ను చూడవచ్చాడు. "నేను చుక్క ముట్టను సార్. కాని నా చేతిమీదుగా రోజూ వందల గ్లాసులు పోతాయి" అన్నాడు నవ్వుతూ. తరువాత ఒక ముచ్చట చెప్పాడు. భర్తను పోగొట్టుకొని ఒంటరిగా ప్రయాణం చేస్తున్న వృద్ధురాలు ఒకామె పద్నాలుగు రోజులూ సాయంకాలం అతని బల్ల దగ్గరకే వచ్చినదట. టీ తప్ప మరేదీ తీసుకోలేదట. మూడవనాడు పక్క బల్లవారు ప్రశ్నల పోటీకి ఆమెను తమ జట్టులో చేర్చుకున్నారట. దిగిపోయేనాడు ఆమె అతని చేయి పట్టుకొని, "ఈ గది లేకుంటే నా గదిలో కూర్చుని ఏడ్చేదాన్ని నాయనా" అన్న అర్థం వచ్చేట్లు చెప్పినదట. ఆ వారమే పై అధికారి లెక్కలు చూసి, "నీ బల్లల మీద అమ్మకం ఎందుకు తగ్గింది?" అని అతనిని మందలించాడట.

ఒకే గదిని గురించి ఇద్దరు మనుషులు చెప్పిన రెండు మాటలలో నా వాదమంతా ఇమిడి ఉన్నది. వృద్ధురాలికి ఆ గది రచ్చబండ. అధికారికి అది సారా కొట్టు. విహారనౌకకు రచ్చబండ కావలె. కాని రచ్చబండ మీద కూర్చునేందుకు మద్యం సుంకం కారాదు.

లెక్కలు చూచినచో అధికారి తొందర మనకు అర్థమవుతుంది. ప్రపంచంలో అతి పెద్ద విహారనౌకా సంస్థ అయిన కార్నివాల్ 2023లో ఆర్జించిన ఆదాయం దాదాపు 2,160 కోట్ల డాలర్లు. అందులో 750 కోట్లకు పైగా టిక్కెట్ల వల్ల గాక, నౌక ఎక్కిన తరువాత పెట్టే ఖర్చులు మొదలైన వాటి వల్ల వచ్చినది. జూదశాల, తీర విహారాలు, అంగళ్ళతో పాటు పానీయాలూ అందులో భాగమే. అదే సంస్థ నౌకలపై ముందుగా రుసుము చెల్లించే పానీయాల పథకం ఒకటి ఉన్నది. దానిలో 24 గంటలకు 15 మద్యపానీయాల దాకా పొందవచ్చు. గదిలో ఒక పెద్దమనిషి ఆ పథకం కొంటే అదే గదిలోని తక్కిన పెద్దవారూ కొనవలె. పంచుకొని తాగకుండా ఇది కట్టడి అని చెబుతారు. కాని రుసుము ముందే కట్టినవాడు గిట్టుబాటు కోసం తాగుతాడన్నది లోకానుభవం. విందులో వడ్డించిన దానికంటె వెల కట్టి కొన్న భోజనంలో మనం ఎంత ఎక్కువ తింటామో ఎవరి మనస్సాక్షిని వారే అడుగవచ్చు.

సముద్రమూ మద్యమూ ఏనాడూ కలిసే ఉన్నాయి, విడదీయడం అసాధ్యం అని కొందరు వాదిస్తారు. చరిత్ర వారి పక్షాన పూర్తిగా లేదు. బ్రిటిషు నౌకాదళంలో నావికునికి రోజూ రమ్ము కొలిచి పోసేవారు. తాగి పడిపోయే నావికులతో విసిగి అడ్మిరల్ వెర్నన్ 1740లో దానిలో నీరు కలిపించాడు. చివరకు 1970 జూలై 31న ఆ ఆచారమే ముగిసినది. సున్నితమైన యంత్రాలు నడిపేవారికి అది తగదని ప్రభుత్వం గుర్తించినది. మూడు వందల ఏండ్ల అలవాటు ఒక్క దినంతో పోయినది. నౌకాదళం మునిగిపోలేదు.

నేడు అంతర్జాతీయ నియమాల ప్రకారం విధి నిర్వహణలో ఉన్న నౌకాధికారుల రక్తంలో మద్యం 0.05 శాతం మించరాదు. ప్రయాణికుడికి అట్టి హద్దు లేదు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో 'కోస్టా కాంకోర్డియా' రాతికి కొట్టుకొని ఒరిగినప్పుడు అందులో నాలుగు వేల పైచిలుకు మనుషులు ఉన్నారు. 32 మంది మరణించారు. ఆ ప్రమాదానికి కారణం ప్రయాణికుల తాగుడు కాదు. కాని ఆ రాత్రి ప్రతి మనిషీ ఒరిగిన మెట్ల మీదుగా తన కాళ్ళపై తాను నడిచి పడవ చేరవలసి వచ్చినదని మరువరాదు. ఆ తరువాతనే నౌక బయలుదేరే ముందుగాని, బయలుదేరిన వెంటనేగాని ప్రయాణికులందరికీ ఆపద్వేళ శిక్షణ ఇవ్వవలెనన్న నిబంధన వచ్చినది. పగలు శిక్షణ ఇచ్చి, రాత్రి పదిహేనవ గ్లాసు అందించడంలోని వైరుధ్యాన్ని నౌకాసంస్థలే ఆలోచించుకోవలె.

అట్లని సంపూర్ణ నిషేధమే మార్గమని నేను చెప్పడం లేదు. అమెరికాలో 1920 నుండి 1933 దాకా మద్యనిషేధం అమలులో ఉన్నప్పుడు, తీరజలాలు దాటి వెళ్ళి, ఎక్కడా దిగకుండా, తాగి తిరిగివచ్చే గమ్యంలేని యాత్రలు పుట్టాయి. మన అనుభవమూ మనకు ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రగిలించిన ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసినది. 1997లో ఆ నిషేధం సడలిపోయినది. ఆ తల్లుల కన్నీరు అబద్ధం కాదు, చట్టం ఒక్కటే చాలదన్నదీ అబద్ధం కాదు.

మద్యం లేనిదే ఓడ నడవదన్న మాటకు మాత్రం ఇటీవల గట్టి జవాబు దొరికినది. 2017లో జర్మనీలో నిర్మించిన 'వరల్డ్ డ్రీమ్' అనే నౌకను సౌదీ సంస్థ ఒకటి కొని, 'అరోయా' అని పేరు మార్చి, 2024 డిసెంబరులో జిద్దా నుండి నడపనారంభించినది. 335 మీటర్ల ఆ మహానౌకపై మద్యం అమ్మరు. ఆటపాటలు, అంగళ్ళు, భోజనశాలలు అన్నీ ఉన్నాయి.

అసలు నలుగురు కూడటానికి మద్యమే కావలెనన్న నియమం ఎక్కడిది? నౌకల వ్యాపార చరిత్రే దీనికి సాక్ష్యం. 1680ల దశకంలో లండన్ నగరంలో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన ఒక కాఫీ అంగడి తెరిచాడు. నౌకాధిపతులు, సరంగులు, వర్తకులు అక్కడ చేరి ఓడల కబుర్లు చెప్పుకునేవారు. ఆ కబుర్ల నుండే 'లాయిడ్స్' అనే ప్రపంచప్రఖ్యాత నౌకాబీమా విపణి పుట్టినది. ఓడకు భరోసా ఇచ్చే వ్యవస్థ కాఫీ గిన్నెల నడుమ జన్మించినదన్నమాట! ఇక మన హైదరాబాదు ఇరానీ హోటలు సంగతి చెప్పనవసరం లేదు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు, పాలరాతి బల్ల. రిక్షా తొక్కేవాడూ, వకీలూ ఒకే బల్ల దగ్గర ఉర్దూలోను, తెలుగులోను ప్రపంచ రాజకీయాలు తేల్చివేసేవారు. లేచి పొమ్మన్నవాడు లేడు. మరొక కప్పు కొనవలెనని ఒత్తిడి చేసినవాడు లేడు. ఆంగ్లేయుడు పబ్బులో వెదికినదీ, మనం ఇరానీ హోటలులో పొందినదీ ఒక్కటే.

కావున నా అభిప్రాయం ఇది. విహారనౌకపై నిరాడంబరమైన పబ్బు ఉండవచ్చు, కొన్ని కట్టుబాట్లతో. మొదటిది, ఆ గదిలో టీ, కాఫీ, పండ్లరసం అడిగినవాడికి బీరు అడిగినవాడితో సమానమైన మర్యాద, సమానమైన చోటు దొరకవలె. రెండవది, మద్యాన్ని గ్లాసు లెక్కన అమ్మవచ్చుగాని, రోజుకు ఇన్నని మూటగట్టి అమ్మరాదు. మూడవది, మత్తులో ఉన్నవాడికి ఇక పోయనని చెప్పే హక్కు పనివాడికి ఉండవలె, ఆ మాట చెప్పినందుకు అతని జీతానికిగాని, కొలువుకుగాని హాని కలుగరాదు. నాల్గవది, గదికి మూసివేత వేళ ఉండవలె. 2006 నాటి నావిక కార్మిక ఒడంబడిక పనివాడికి 24 గంటలలో కనీసం 10 గంటల విశ్రాంతి ఇమ్మన్నది. తెల్లవారేదాకా గ్లాసులు కడిగే చేతులకు ఆ విశ్రాంతి కాగితం మీదనే మిగిలిపోరాదు.

"ఇన్ని కట్టుబాట్లు పెడితే లాభం ఏమి మిగులుతుంది?" అని నౌకాసంస్థ అడుగవచ్చు. ఆ వృద్ధురాలు మళ్ళీ ఓడ ఎక్కుతుంది. అదే లాభం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటిన తరువాత బోడి మల్లన్న అన్నట్లుగా, టిక్కెట్టు కొనేదాకా అతిథి, ఎక్కిన తరువాత జేబు అనుకునే వ్యాపారం ఎంతకాలం నిలుస్తుంది?

రేపు మన విద్యార్థులలో ఎవరో ఒకరు అట్టి గదిలో బల్ల తుడిచే పనితో మొదలుపెట్టి, ఆ గదికి అధికారి కావచ్చు. అప్పుడు లెక్కల పుస్తకం అతని చేతికి వస్తుంది. ఆ పుస్తకంలో ఒక బల్ల ఎదుట ఒక్క టీ మాత్రమే రాసి ఉంటే, పనివాడిని మందలించే ముందు ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో ఒకసారి వెళ్ళి చూడవలసినదిగా అతనికి నా మనవి.